ఇరవైమూడో జత

మా నాన్న షంషుద్దీన్‌కు మనిషి మొహం చూస్తే పేరు గుర్తురాదు. చెప్పులు చూస్తే మాత్రం తాతముత్తాతలతో సహా గుర్తొస్తారు. మదనపల్లెలో నలభై ఏళ్లు చెప్పులు కుట్టాడు. ఇంట్లో పెళ్లి జరిగితే గుమ్మం దగ్గర కూర్చుని, తల ఎత్తకుండానే ఎవరెవరు వచ్చారో లోపలికి కేకేసి చెప్పేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు సుమయ్యా. కుప్పంలో లేడీస్ టైలరింగ్ అంగడి నడుపుతున్నాను. పోయిన నెల నాన్నను చూద్దామని మదనపల్లె వెళ్లి, మాటల్లో మాటగా భారతమ్మ చనిపోయిన సంగతి చెప్పాను. భారతమ్మ మా సందులో ఒంటరిగా ఉండేది. నా అంగడిలో జాకెట్లకు హుక్కులు కుట్టేది. నేనామెకు ఇచ్చింది కూలీ, ఆమె నాకు ఇచ్చింది పదేళ్ల తోడు. ఎండాకాలంలో కూడా ఒట్టికాళ్లతోనే నడిచేది. ఒకసారి నాన్న చేత మంచి తోలు చెప్పులు కుట్టించి తీసుకెళ్తే, వాటిని కళ్లకద్దుకుని అటక మీద పెట్టింది. "నా చెప్పులు స్టేషన్లో ఉండాయి పాపా. అవి వచ్చినాక తొడుగుతాలే" అంది. ముసలామె పరాచికాలాడుతోందనుకున్నాను.

ఇదంతా నవ్వుతూనే చెప్పాను. నాన్న నవ్వలేదు.

"ఏ ఊరు ఆమెది?" అన్నాడు.

"బండమీదపల్లె. పుంగనూరు రోడ్డులో రాతి చర్చి ఉండాదే, ఆ ఊరు."

ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున తెల్ల లాల్చీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, "నన్ను ఆ చర్చికి తీసుకుపో" అన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఐదుపూటలా నమాజు తప్పనివాడు, చర్చికి పోదామంటే మతి చలించిందేమోనని భయపడ్డాను. మా తమ్ముడు కలీం తన ఆటో తీశాడు.

బండమీదపల్లె చర్చి సంగతి మా వైపు పెద్దవాళ్లందరికీ తెలుసు. ముప్పై ఏళ్లకు పైమాట. ఊరూరా సారా అంగళ్లు ఉండే రోజులు. గొర్రెలు అమ్మిన డబ్బు, వేరుశనక్కాయల డబ్బు అంతా ఆ అంగళ్లకే పోయేది. బండమీదపల్లె ఆడవాళ్లు అంగడి ముందు కూర్చున్నారు. నలుగురు ఒకచోట చేరకూడదని ఆర్డరు వచ్చింది. ప్రార్థనకైతే చేరవచ్చు కదా అని ఆ ఊరి పాస్టరయ్య చర్చి తలుపులు తెరిచాడు. గొర్రెలు కాసేవాళ్ల ఇళ్ల నుంచీ, దూదేకుల వాళ్ల ఇళ్ల నుంచీ, అందరూ ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి లోపల కూర్చునేవాళ్లు. తిట్టకూడదు, చెయ్యెత్తకూడదు, ఒక గంటసేపు నోరు తెరవకూడదు. అదే వాళ్ల పోరాటం.

ఒక శుక్రవారం వాళ్లు లోపల ఉండగా పోలీసులు వచ్చి, మెట్ల మీద విడిచిన చెప్పులన్నీ గోనెసంచిలో వేసుకుపోయారు. ఎవరి చెప్పులు వాళ్లు స్టేషనుకు వచ్చి తీసుకోవాలన్నారు. పోయి తీసుకుంటే పేరు దొరికిపోతుంది. ఒక్కరూ పోలేదు. చెప్పులు తిరిగి ఇచ్చేదాకా ఒట్టికాళ్లతోనే తిరుగుతామన్నారు. ఆ వారం నుంచి చుట్టుపక్కల పల్లెల్లో మగవాళ్లు కూడా చెప్పులు విడిచారు. మా వైపు దాన్ని ఒట్టికాళ్ల ఉద్యమం అంటారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

ఆటో పట్నం దాటాక నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. అది తెలుగులో ఇలా ఉంటుంది.

"ఆ సంచి ఎస్సై నా ముందర కుమ్మరించినాడు. 'వాళ్ల చెప్పులు వాళ్లకి ఇచ్చేయాల, ఎవరివేవో తేల్చు' అన్నాడు. నేను యోచన చేస్తాంటే, 'పోనీలే, ఇన్ని జతలు గుర్తుపట్టేది ఎవురికీ చేతకాదు' అన్నాడు."

"అయితే?"

"చేతకాదన్నాడు సుమయ్యా. నన్ను."

నాన్న వారానికొకసారి సైకిలు మీద ఆ పల్లెలకు పోయి కాళ్ల కొలతలు తీసుకునేవాడు. పాత పేపరు మీద కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, మధ్యలో పేరు రాసుకునేవాడు. ఎవరు మడమ మీద బరువేసి నడుస్తారో, ఎవరి బొటనవేలు పక్కకు తిరిగి ఉందో, ఆయనకు అరచేతిలో గీతల్లాగా తెలుసు. ఆ రోజు స్టేషన్లో నేల మీద కూర్చుని, ఒక్కో జతా తిరగేసి, ఇది ఫలానా ఆమెది, ఇది ఫలానా వాళ్ల కోడలిది అంటూ వరసగా చెప్పుకుపోయాడట. కానిస్టేబుళ్లు చుట్టూ చేరి చూశారట. చప్పట్లు కూడా కొట్టారట.

"ఇరవైమూడు జతలు. ఇరవైరెండు చెప్పేసినా. ఒగటి మాత్రం నాది కాదు. సంతలో కొన్న రబ్బరు చెప్పులు. అన్నీ ఒగే అచ్చు. అది ఎవురిదో చెప్పలేకపోతినే అని ఆ పొద్దంతా మనసులో పీకతానే ఉన్నింది."

ఆదివారం తెల్లవారకముందే జీపులు వచ్చి ఇరవైరెండు మంది ఆడవాళ్లను ఎక్కించుకుపోయాయి. కుప్పం దాకా తీసుకుపోయి ఒక కల్యాణ మంటపంలో పదకొండు రోజులు పెట్టారు. ఇరవైమూడో ఆమె జోలికి ఎవరూ పోలేదు. నిప్పులేనిదే పొగ రాదన్నారు ఊళ్లో. పేర్లు చెప్పింది ఆమేనన్నారు.

ఇరవైమూడో ఆమె భారతమ్మ.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా పన్నెండో ఏట ఒక రోజు నాన్న స్టేషన్ నుంచి జిలేబీ పొట్లంతో వచ్చాడు. 'ఇరవైరెండు జతలు, ఒగటి కూడా తప్పు పోలే' అని అమ్మకు చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ జిలేబీ నేనూ తిన్నాను. వేళ్లు కూడా నాకాను.

"ఇన్నేండ్లు యాల చెప్పలే?" అని అరిచాను. కలీం ఉలిక్కిపడి ఆటో నిదానం చేశాడు.

"భయం. ముందు వాళ్లంటే భయం. తర్వాత మీరంటే భయం" అన్నాడు నాన్న. "ఆ పిల్ల ఊరిడిసిపోయిందని తెల్సు. యాడనో ఒక చోట బాగుంటాదిలే అనుకున్నా. ఒట్టికాళ్లతో సచ్చిపోయిందని నువ్వు చెప్పినావు."

తండ్రి అని కూడా చూడకుండా నోటికొచ్చింది అన్నాను. అన్నందుకు ఇప్పటికీ బాధలేదు. పోయి ఎవరికి చెప్తావు, ఆమె పోయింది కదా, చేతులు కాలాక ఆకులెందుకు అన్నాను. నాన్న ఒకటే మాటన్నాడు.

"రెడ్డెమ్మ ఉండాది."

రెడ్డెమ్మ పేరు నాకూ తెలుసు. ఇరవైరెండు మందిలో అందరికంటే చిన్నది. ఆమెను జీపు ఎక్కించినప్పుడు రెండేళ్ల కూతురు శోభ ఇంట్లో ఉండింది. తొమ్మిదో రోజు జ్వరమొచ్చి ఆ బిడ్డ పోయింది. తల్లి తిరిగొచ్చేసరికి పూడ్చి రెండు రోజులైంది. ఇప్పుడు ఆ చర్చిని ఊడ్చి, తుడిచి, చూడవచ్చేవాళ్లకు కథ చెప్పేది ఆమే.

చర్చికి రెండు వందల గజాల దూరంలో, మలుపులో, వైన్‌షాపు ఉంది. పట్టపగలే నలుగురు నిలబడి తాగుతున్నారు. చర్చి మాత్రం అలాగే ఉంది. రాతి గోడలు, పైన నల్లబడిన పెంకులు, ఆరు మెట్లు. ఆ మెట్ల మీద చెప్పులు విడవడానికి నాన్నకు చాలాసేపు పట్టింది.

రెడ్డెమ్మ చీపురు పక్కన పెట్టి ఎదురొచ్చింది. అరవై దాటాయి. బక్కపలచని మనిషి, కానీ గొంతు ఖంగుమంటుంది.

"ఓయప్పా, షంషుద్దీనప్పా! ఎన్ని దినాలైపాయ నిన్ను సూసి! దారి తెల్సిందా ఇంగ?" అంటూ నాన్న రెండు చేతులూ పట్టుకుంది. "ఈ పాప నీ కూతురా? సూడమ్మా, మీ నాయన పేరు యాడుండాదో."

గోడకు పాలరాతి పలక ఉంది. పోలీసులు పట్టుకుపోయిన ఇరవైరెండు మంది పేర్లు, కింద విడిగా ఒక వరస. మాకందరికీ ఉచితముగా చెప్పులు కుట్టి ఇచ్చిన మదనపల్లె షంషుద్దీన్ గారికి కృతజ్ఞతలు. వాళ్లు విడుదలై, ఉద్యమం ముగిశాక నాన్న నెలరోజులు రాత్రింబవళ్లు కూర్చుని ఇరవైరెండు జతలు కుట్టి ఇచ్చిన మాట నిజమే. ఎంత మంచి మనిషో అని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. రెడ్డెమ్మ ఆ వరసను వేలు పెట్టి చదువుతుంటే, నాన్న దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

మజ్జిగ ఇచ్చింది. తాగమని నిలబడింది. తర్వాత అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్లింది. కేసు కొట్టేసిన తర్వాత, ఐదేళ్లకు, కోర్టు నుంచి ఆ గోనెసంచి తిరిగొచ్చిందట. ఎవరి జత వాళ్లు ఏరుకుని, పేరు రాసిన చీటీ అంటించి ఇక్కడ పెట్టారు. తోలు చెప్పులు, టైరు అడుగులు, ఎండి బీటలు పడ్డాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కో ఆమె పాదం గుంట ఇంకా ఉంది. కిందివరసలో, మూలకు, నీలం పట్టీల రబ్బరు చెప్పులు. వాటికి చీటీ లేదు.

"ఇది ఎవురిదో తెలీదమ్మా" అంది రెడ్డెమ్మ. "ఏ పోలీసాయనదో సంచిలో కలిసిపోయి వచ్చిండాది. పారేద్దామంటే పాస్టరయ్య ఒప్పుకోలే."

నేను నాన్న వైపు చూశాను. ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి ఉన్నాడు.

"ఎండెక్కతాంది. పోదాం పా" అన్నాడు నాతో.

తిరిగి తలుపు దాకా నడిచాడు కూడా. ఆ నిమిషంలో ఆయన్ను అసహ్యించుకున్నాను. అదీ ఇదీ కాదు, ఉన్నమాట చెప్తున్నాను. తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాను.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నాన్న వెనక్కి తిరిగాడు. నడిచిన దూరమంతా మళ్లీ నడిచి రెడ్డెమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రబ్బరు చెప్పులు భారతివి" అన్నాడు.

రెడ్డెమ్మ మొహం గట్టిపడింది. "దాని పేరు ఈడ ఎత్తొద్దప్పా. దాని చెప్పులు సంచిలోకి యాల వస్తాయి? ముందే దాపెట్టుకునింటాది. అయినా నీకెట్ల తెల్సు?"

"తక్కిన ఇరవైరెండు నేను కుట్టినవి. స్టేషన్లో వాటిని సూసి మీ పేర్లు చెప్పింది నేను. ఇదొగటి నేను కుట్టింది కాదు. దీనికి పేరు చెప్పలేకపోతి. అందుకే ఆ పిల్లను పట్టుకోలే. అంతే అమ్మా. ఆ పిల్ల ఎవురికీ ఏమీ చెప్పలే."

రెడ్డెమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాన్న మొహం చూసింది, పలక మీద పేరు చూసింది, మళ్లీ ఆయన చేతులు చూసింది. తర్వాత నిలబడిన చోటే చాప మీద కూలబడింది.

"నువ్వా" అంది.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా అడ్డం పోకూడదనుకున్నాను. ఆమె నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"మా పాపను ఆమె దగ్గర్నే ఇడిసిపెట్టి జీపెక్కినా. పక్కిల్లు. వచ్చినాక పాప లేదు. ఆమె నా కాళ్లు పట్టుకోని ఏందో చెప్పబోయింది. చెప్పనీలే నేను. పేర్లు చెప్పిందీ నువ్వే, బిడ్డను సంపిందీ నువ్వేనని వాకిట్లో నిలబెట్టి ఉమ్మేసినా. బాయి దగ్గర నీళ్లు తోడనీలే. ఊరంతా నా మాటే ఇనింది. బిడ్డ పోయిన తల్లి మాట కదా."

అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. భారతమ్మ కుప్పంలో మా సందులో ఉండేదని, రెండు నెలల కిందట పోయిందని చెప్పాను.

రెడ్డెమ్మ నా చేయి పట్టుకుంది. "మా పాప సంగతి ఎప్పుడన్నా చెప్పిందామ్మా?"

చెప్పింది. ఒకే ఒక్కసారి, వానలో కరెంటు పోయి అంగట్లో ఊరికే కూర్చున్న రోజు. ఎవరి బిడ్డో చెప్పలేదు, పక్కింటి బిడ్డ అంది, అంతే. రాత్రి జ్వరం పెరిగితే తొలి బస్సు దాకా ఆగలేక, బిడ్డను చంకనేసుకుని మదనపల్లె ఆసుపత్రికి నడిచిందట. కాళ్లకు చెప్పుల్లేవు. దారి పొడుగునా కంకరరాళ్లు. సగం దారిలోనో, ఎక్కడో తనకే తెలియదట, బిడ్డ ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందనుకుని, చీర కొంగు కప్పి, ఇంకా వేగంగా నడిచిందట. ఆసుపత్రిలో డాక్టరు కొంగు తీసి చూపించేదాకా తెలియలేదు. 'చెప్పులుంటే ఇంగా బిరీన పోయిందును పాపా' అంది నాతో.

ఇదంతా రెడ్డెమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో నాకు తెలియదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రాలేదు. ముప్పై ఏళ్లు ఒకరిమీద పెట్టుకున్న కోపం కూడా మనిషికి ఆసరాయేనని ఆ రోజు చూశాను. మా నాన్న దాన్ని లాగేశాడు. లాగకపోయినా తప్పే, లాగినా తప్పే.

చాలాసేపటికి ఆమె లేచింది. బీరువా తాళం తీసి నీలం పట్టీల చెప్పులు బయటికి తీసింది. రబ్బరు ఎండి కట్టెలాగా అయింది. కొంగులో చుట్టుకుంది. అప్పుడు నాన్న వైపు తిరిగింది.

"ఆదివారం వస్తావు. ఇదే మాట అందరి ముందర చెప్తావు. చెప్పినాక నీకు కూడు పెడతామో, రాళ్లు పెడతామో అప్పుడు సూద్దాం."

"వస్తానమ్మా" అన్నాడు నాన్న.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కలీం తోడు వెళ్లాడు. చెప్పడం అయిపోయాక ఎవరూ కేకలు వేయలేదట, చెయ్యి ఎత్తలేదట. ఒక గంటసేపు అందరూ నోరు తెరవకుండా అలాగే కూర్చున్నారట. రాళ్లే నయం అన్నాడు నాన్న నాతో ఫోనులో. పలక మీద నుంచి తన పేరు తీయించేయమని ఆయనే అడిగి వచ్చాడు.

కానీ నాకు చెప్పాలని ఉన్నది ఆదివారం సంగతి కాదు. ఆ రోజే, చర్చి నుంచి అటే, రెడ్డెమ్మ నాతో కుప్పం వచ్చింది. నాన్నను కలీం ఇంటికి తీసుకుపోయాడు. మేమిద్దరం పుంగనూరులో బస్సెక్కాం. ఆమె తన చెప్పులు చర్చి మెట్ల మీదే వదిలేసి వచ్చిందని బస్సులో చూశాను. కొందామంటే వద్దంది. దారంతా ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. పలమనేరు దాటాక ఒక్కసారి, "అన్నం బాగా తింటాన్నిందా?" అని అడిగింది. తింటుండేది అన్నాను.

కుప్పంలో దిగేసరికి ఎండ వాలింది. ఊరి చివర, రైలుకట్ట పక్కన, దిక్కులేని వాళ్లను పూడ్చే జాగా ఉంది. భారతమ్మ పోయిన రోజు నేను బట్టలు తేవడానికి బెంగుళూరు పోయి ఉన్నాను. తిరిగొచ్చేలోపే మున్సిపాలిటీ వాళ్లు పూడ్చేశారు. రైలుకట్ట మీద నుంచే చూసిన సందులో వాళ్లు తర్వాత నాకు దిబ్బ చూపించారు. గుర్తు కోసం నేను ఒక రాయి పెట్టాను, దిబ్బకు సరిగ్గా నడుమ. ఇప్పుడు దిబ్బ మీద ముళ్లచెట్లు మొలిచాయి. రెడ్డెమ్మ వాటిని చేత్తోనే పీకేసింది. కొంగు విప్పి చెప్పులు చేతిలోకి తీసుకుంది. వాటిని భారతమ్మ కాళ్ల దగ్గర పెట్టాలని ఆమె వచ్చింది.

"కాళ్లు ఏ పక్క ఉండాయమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదు. దక్షిణానికి తల పెట్టి ఉంటారు కదా అంది. ఏమో అన్నాను. పెట్టినవాళ్లు ఎవరో, ఎటు పెట్టారో, ఆ రోజు పక్కన నిలబడి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. రెడ్డెమ్మ దిబ్బ చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆ చివరన ఆగింది, ఈ చివరన ఆగింది. చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

చివరకు వంగి, ఒక చెప్పు ఈ చివర పెట్టింది. ఇంకొకటి ఆ చివర పెట్టింది.